నిమ్మకాయ తొక్కించాం సరే, చైన్ చూశామా?

ఈ సంచికకి ఏదైనా రాయమని క్లబ్ వాళ్ళు అడిగితే ముందు కవిత రాద్దామనుకున్నాను. రెండు రాత్రులు కూర్చున్నా నాలుగు లైన్లు రాలేదు. ఫైనల్ ఇయర్ మెకానికల్ వాడికి నిజంగా తెలిసిన విషయాలు తక్కువే ఉంటాయి. నాకైతే రెండే. ఒకటి, ఫ్లూయిడ్ మెకానిక్స్ బ్యాక్‌లాగ్ ఎలా క్లియర్ చేసుకోవాలో. రెండు, కొత్త స్పోర్ట్స్ బైక్‌ని ఏడాదిన్నరలో ఎలా పాడు చేసుకోవచ్చో. మొదటిది ఏ సీనియర్ని అడిగినా చెప్తాడు. రెండోది ఎవడూ చెప్పడు, పరువు తక్కువ కాబట్టి. అందుకే నేను చెప్తున్నా.

ఈ ఏడాది ఫస్టియర్ వాళ్ళు వచ్చాక మన పార్కింగ్ షెడ్ ఒకసారి చూడండి. ఆర్15లు, ఆర్‌సీలు, ఆర్‌ఎస్ 200లు, అపాచీలు వరసగా నిలబడి ఉంటాయి. కొన్నిటికి సీటు మీద ప్లాస్టిక్ కవర్ ఇంకా తీయలేదు. హ్యాండిల్‌కి కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ ఇంకా వాడిపోలేదు. కానీ సైలెన్సర్ మాత్రం అప్పుడే మారిపోయింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, తిట్టుకునేవాళ్ళు ఇక్కడే తిట్టుకోవచ్చు. కొత్తగా స్పోర్ట్స్ బైక్ కొన్నవాళ్ళు మొదటి ఏడాది ఆ బండికి ఒక్క పార్టు కూడా మార్చకూడదు. ఆ డబ్బూ ఆ టైమూ ఉన్న బండిని సరిగ్గా చూసుకోవడం మీద పెట్టాలి. అప్‌గ్రేడ్ అనే మాట ఆ తర్వాతే.

తొమ్మిదిన్నర వేల చప్పుడు

సెకండియర్‌లో నాన్న నాకు ఆర్15 కొనిపెట్టారు. ఆయన ఆర్టీసీలో కండక్టర్. ముప్పై ఆరు నెలల ఈఎంఐ. అది ఆయన జీతంలోంచి ఎలా వెళ్తుందో అప్పుడు నేను లెక్క వేయలేదు, ఇప్పుడు వేస్తున్నాను. బండి తెచ్చిన రోజు ఊళ్ళో ఆంజనేయస్వామి గుడి ముందు పూజ చేయించాం. పసుపు, కుంకుమ, దండ, కొబ్బరికాయ. ముందు చక్రం కింద ఒక నిమ్మకాయ, వెనక చక్రం కింద ఒకటి తొక్కించాం. అమ్మ ముందే చెప్పింది, "మెల్లగా పో నాన్నా" అని. సరేనన్నాను.

మూడు నెలల తర్వాత, స్కాలర్‌షిప్ డబ్బులూ సంక్రాంతికి తాతయ్య ఇచ్చినవీ కలిపి తొమ్మిదిన్నర వేలు పెట్టి సైలెన్సర్ మార్చాను. వెనక మడ్‌గార్డ్ పీకేసి చిన్న టెయిల్ పెట్టించాను. హాస్టల్ గేటు దగ్గరికి రాకముందే నా బండి అని అందరికీ తెలిసిపోయేది. అదే కదా కావాల్సింది.

ఫ్రీ సర్వీసులు అయిపోయాక మళ్ళీ షోరూమ్ మెట్లెక్కలేదు. చైన్‌కి నూనె పెట్టిన గుర్తు లేదు. ఎప్పుడైనా వాటర్ సర్వీసింగ్ చేయిస్తే వాడే నల్లటి ఇంజన్ ఆయిల్ ఏదో బ్రష్‌తో పూసి పంపేవాడు. దాన్నే మెయింటెనెన్స్ అనుకున్నాను.

పదకొండు వేల కిలోమీటర్ల దగ్గర ఒక సాయంత్రం, తొలకరి పడి ఆగిన టైమ్‌లో, రూమ్మేట్‌ని వెనక ఎక్కించుకుని బస్టాండ్ నుంచి కాలేజీకి వస్తున్నా. స్పీడ్ యాభై ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ దిగి థ్రాటిల్ వదిలాను. వెనకనుంచి టప్‌మని ఒక శబ్దం, ఆ వెంటనే వెనక చక్రం బిగుసుకుపోయింది. చైన్ స్ప్రాకెట్ మీంచి జారి ఇరుక్కుంది. బండి అడ్డం తిరిగింది. నాకు మోచెయ్యీ మోకాలూ గీసుకుపోయాయి. రూమ్మేట్‌కి కాలర్ బోన్ విరిగింది. వాడికి హెల్మెట్ కూడా లేదు, వెనక కూర్చునేవాడికి ఎందుకులే అన్నది నేనే. తల నేలకి తగల్లేదు. అది అదృష్టం, నా తెలివి కాదు.

ఆ సెమిస్టర్ వాడు ల్యాబ్ ఎగ్జామ్స్ రాయలేకపోయాడు, కుడి చెయ్యి కట్టులో ఉంది. ఆసుపత్రినుంచి వాళ్ళమ్మగారికి ఫోన్ చేస్తే ఆవిడ మొదట అడిగిన మాట, "నీకేం కాలేదు కదా బాబూ?" అని. తిట్టినా బావుండేది.

తర్వాత బండిని ఆటోలో వేసుకుని మెకానిక్ అన్న దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన వెనక స్ప్రాకెట్ తిప్పి చూపించాడు. పళ్ళు నిటారుగా ఉండాలి. నా బండివి అరిగి అరిగి ఒక పక్కకి కొక్కేల్లా వంగిపోయాయి. చైన్ పట్టుకుని వెనక్కి లాగితే స్ప్రాకెట్ మీంచి వేలు పట్టేంత లేచింది. "ఇది నెల రోజులనుంచి కటకటా అంటూ ఉండాలి తమ్ముడూ, నీకు వినబడలేదా?" అన్నాడు. వినబడలేదన్నా. సైలెన్సర్ వైపు ఒకసారి చూసి, ఇంకేం మాట్లాడలేదు.

నేను ఇప్పటికీ మర్చిపోలేనిది అదే. బండి నెల రోజులుగా నాకు చెప్తూనే ఉంది. నేను తొమ్మిదిన్నర వేలు పెట్టి దాని నోరు మూయించాను.

చైన్ అంటే ఏంటో ఒకసారి చూద్దాం

స్పోర్ట్స్ బైక్‌లో ఇంజన్ చేసే పనంతా వెనక చక్రానికి చేరేది ఆ ఒక్క చైన్ ద్వారానే. పైగా కమ్యూటర్ బండ్లలో చాలావాటికి చైన్ చుట్టూ పూర్తి కవర్ ఉంటుంది, మన బండ్లకి ఉండదు. దుమ్మూ బురదా నీళ్ళూ నేరుగా దాని మీదికే. అందుకని ప్రతి 500 కిలోమీటర్లకి ఒకసారి శుభ్రం చేసి నూనె పెట్టాలి. వానాకాలంలో తడిస్తే అంత దూరం కూడా ఆగకూడదు.

ఎలా? ముందు ఇంజన్ ఆఫ్, తాళం చెవి జేబులో, బండి న్యూట్రల్‌లో. చక్రాన్ని చేత్తో తిప్పాలి. ఇంజన్ ఆన్ చేసి, గేర్ వేసి, తిరిగే చైన్‌కి గుడ్డ అడ్డం పెట్టి తుడిచేవాళ్ళని మన హాస్టల్ వెనకే చూశాను. ఆ గుడ్డ ఇరుక్కుంటే దానితోపాటు వేళ్ళూ స్ప్రాకెట్‌లోకి వెళ్తాయి. వేళ్ళు తెగిపోతాయి. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. దయచేసి చేయకండి.

మన బండ్ల చైన్లకి లింకుల మధ్య చిన్న రబ్బరు రింగులుంటాయి, లోపలి గ్రీజు బయటికి పోకుండా. అందుకే పెట్రోలుతో కడగకూడదు, ఆ రబ్బరు పాడవుతుంది. ఇనప బ్రష్ కూడా వద్దు. చైన్ క్లీనర్ గానీ కిరోసిన్ గానీ మెత్తటి బ్రష్‌తో పూసి, తుడిచి, ఆరనిచ్చి, ఆ తర్వాత చైన్ స్ప్రే గానీ గేర్ ఆయిల్ గానీ పెట్టాలి. బండి నడిపి వచ్చాక, చైన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు, రాత్రిపూట పెడితే తెల్లారేసరికి లోపలికి ఇంకుతుంది. మిగిలింది తుడిచేయాలి, లేకపోతే ఎగిరి టైరు మీద పడుతుంది.

ఇక బిగింపు. లూజుగా ఉంటే ప్రమాదమని నా కథతో తెలిసింది కదా, అయితే టైటుగా బిగించేద్దాం అనుకోకండి. ఇక్కడ కొంచెం కైనమాటిక్స్ ఉంది. వెనక చక్రం స్వింగార్మ్ మీద పైకీ కిందికీ కదులుతుంది. స్వింగార్మ్ తిరిగే చోటూ ముందు స్ప్రాకెట్ మధ్యా ఒకటే బిందువు కాదు. కాబట్టి సస్పెన్షన్ అణిగినప్పుడు రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం మారుతుంది. ముందు స్ప్రాకెట్, స్వింగార్మ్ పివట్, వెనక యాక్సిల్ మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు ఆ దూరం అన్నిటికంటే ఎక్కువ. ఖాళీ బండి మీద చైన్ బిగుతుగా పెట్టేస్తే, ఇద్దరెక్కి గుంతలో పడ్డప్పుడు అది తీగలా లాగి గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగుల మీద పడుతుంది. అందుకే కంపెనీవాళ్ళు కొంత లూజు ఉంచమంటారు. మీ బండికి ఎన్ని మిల్లీమీటర్లో మాన్యువల్‌లో ఉంటుంది, చాలా బండ్లకి స్వింగార్మ్ మీద స్టిక్కర్ కూడా ఉంటుంది. కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడించి స్కేలుతో కొలవడమే. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి, ఎందుకంటే చైన్ అన్నిచోట్లా ఒకేలా సాగదు. చైన్ మారిస్తే రెండు స్ప్రాకెట్లూ కలిపి సెట్‌గా మార్చాలి. పాత పళ్ళ మీద కొత్త చైన్ వేస్తే అదీ త్వరగా అరుగుతుంది.

మొత్తం పని ఇరవై నిమిషాలు. మనం రోజూ రీల్స్ చూసే టైమ్‌లో పదోవంతు కూడా కాదు.

ఎవరూ చదవని పుస్తకం

ఇది సాహిత్య క్లబ్ పత్రిక కాబట్టి ఒక పుస్తకం గురించి చెప్పాలి. మన క్యాంపస్‌లో అందరి దగ్గరా ఉండి, ఎవరూ చదవని పుస్తకం ఓనర్స్ మాన్యువల్. నాది యాక్సిడెంట్ అయ్యాక తీశాను, సీలు కూడా విప్పలేదు. మనం చదివే నాలుగేళ్ళ సిలబస్‌లో సగం అందులో ఉంది. కథ లేదు, శైలి లేదు, కానీ ప్రతి వాక్యం ఎవరో ఒకరి ఎముక కాపాడటానికి రాసిందే.

అందులో మొదట వచ్చేది రన్నింగ్ ఇన్. కొత్త ఇంజన్‌లో పిస్టన్ రింగులూ సిలిండర్ గోడా ఒకదానికొకటి సర్దుకోవడానికి కొంత దూరం పడుతుంది. చాలా బండ్లకి అది మొదటి 1,000 కిలోమీటర్లు. ఆ దూరం ఇంజన్‌ని రెడ్‌లైన్ దాకా లాగకూడదు. అలాగని హైవే మీద గంటసేపు ఒకే ఆర్‌పీఎం మీద పెట్టీ నడపకూడదు, మార్చుతూ ఉండాలి. ఆర్15లో 7,400 ఆర్‌పీఎం దగ్గర వాల్వ్ టైమింగ్ మారి బండి ఒక్కసారిగా దూకుతుంది, ఆ ఊపు చూడాలని కొత్తలోనే అందరి చెయ్యీ దురద పెడుతుంది. వెయ్యి కిలోమీటర్లు ఆగండి, అది ఎక్కడికీ పోదు. మొదటి సర్వీసు మాత్రం వాయిదా వేయొద్దు. కొత్త భాగాలు రాసుకుని వచ్చిన లోహపు పొడి ఆ మొదటి ఆయిల్‌లోనే ఉంటుంది.

ఆయిల్ అన్నాం కాబట్టి ఇంకో మాట. మన బండ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిళ్ళలో చాలావాటిలో రాపిడి తగ్గించే పదార్థాలు కలుపుతారు. అది కారుకి మంచిది, మన క్లచ్‌కి కాదు, ప్లేట్లు జారతాయి. ఇంట్లో నాన్న కారుకి పోయగా మిగిలిన లీటర్ ఉందని పోసేయకండి. డబ్బా మీద గ్రేడ్‌తోపాటు జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూడండి. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే పోయండి. ఖరీదైన ఆయిల్ ఒకసారి పోసి ఏడాది మర్చిపోవడం కంటే, చెప్పిన ఆయిల్ చెప్పిన టైముకి మార్చడం మేలు.

టైర్లు. మీ బండి మొత్తం రోడ్డుని తాకేది రెండు అరచేతులంత చోటు మాత్రమే. బ్రేకు, మలుపు, పికప్ అన్నీ ఆ చోటు మీదే. అయినా గాలి నెలల తరబడి చూడం. వారానికి కాకపోతే పదిహేను రోజులకి ఒకసారైనా, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించాలి. నడిపి నడిపి వేడెక్కాక చూస్తే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. ముందు టైరుకి ఎంత, వెనక టైరుకి ఎంత, ఇద్దరెక్కితే ఎంత అని మాన్యువల్‌లో విడివిడిగా ఉంటుంది. బంకులో "ఎంత పెట్టమంటావ్?" అని అడిగితే "నువ్వే పెట్టు అన్నా" అనకుండా మీ నంబర్లు మీరు చెప్పండి. కొత్త టైర్ల మీద మొదటి నూటయాభై కిలోమీటర్లు బండిని గట్టిగా వంచొద్దు, పై పొర ఇంకా నున్నగా ఉంటుంది. టైరు మెరవాలని ట్రెడ్ మీద పాలిష్ కొట్టేవాళ్ళకి రెండు చేతులా దండం. పక్కగోడ మీద కొట్టినా అది కారి ట్రెడ్ మీదికి వస్తుంది, మొదటి మలుపులోనే ఫలితం చూపిస్తుంది.

బ్రేకులు. ప్యాడ్లు ఎంత మిగిలాయో క్యాలిపర్ సందులోంచి మొబైల్ టార్చ్ వేసి చూస్తే కనబడుతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, తేమ పెరిగితే దాని మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. ఘాట్ దిగేటప్పుడు వరసగా బ్రేకులు వేస్తే అది మరిగి, లివర్ మెత్తగా లోపలికి వెళ్ళిపోతుంది, బండి మాత్రం ఆగదు. అందుకే రెండేళ్ళకి ఒకసారి మార్చమంటారు. మారేడుమిల్లికో లంబసింగికో ట్రిప్ ప్లాన్ చేసేముందు గ్రూప్ పేరు ఏం పెట్టాలా అని ఆలోచించడం ఆపి, ఇది చూసుకోండి.

బ్రేకు దూరం లెక్క మనందరికీ ఇంటర్‌లోనే చెప్పారు. పొడి రోడ్డు మీద రాపిడి గుణకం 0.8 అనుకుందాం. గంటకి 60 కి.మీ. వేగంలో బ్రేకు వేశాక బండి ఆగడానికి సుమారు 18 మీటర్లు. 120లో వేగం రెట్టింపు కదా అని 36 కాదు, సుమారు 71 మీటర్లు. ఇది బ్రేకు పట్టాక. కళ్ళతో చూసి చెయ్యి కదిలేలోపు ఒక సెకను పోతే ఇంకో 33 మీటర్లు కలపండి. వంద మీటర్లు దాటింది. మన హైవే మీద డివైడర్ సందులోంచి గేదె వచ్చేటప్పుడు వంద మీటర్ల ముందు హారన్ కొట్టి రాదు.

అప్‌గ్రేడ్ అనుకున్నవి నిజంగా ఏం చేస్తాయి

ఇప్పుడు సైలెన్సర్ గురించి. "పవర్ పెరుగుతుంది అన్నా" అంటారు. ఎంత పెరిగింది, ఎక్కడ కొలిచావ్ అంటే జవాబు ఉండదు. బీఎస్6 బండిలో ఇంజన్‌కి ఎంత పెట్రోల్ పోవాలో ఈసీయూ నిర్ణయిస్తుంది, పొగగొట్టంలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ దానికి లెక్క చెప్తుంది. మామూలు నడకలో ఆ సెన్సర్ చిన్న చిన్న తేడాలు సర్దగలదు. పూర్తి థ్రాటిల్ తిప్పినప్పుడు ఈసీయూ సాధారణంగా ముందే రాసిపెట్టిన మ్యాప్ ప్రకారం పోతుంది, ఆ మ్యాప్ మీ పాత సైలెన్సర్‌ని దృష్టిలో పెట్టుకుని రాసింది. గాలి దారి మార్చి, మ్యాప్ మార్చకపోతే మిశ్రమం పల్చబడొచ్చు, ఇంజన్ ఎక్కువ వేడెక్కొచ్చు. పైగా మొత్తం ఎగ్జాస్ట్ మార్చినప్పుడు క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పోతుంది. అంటే బీఎస్6 బండికి డబ్బు కట్టి, దాన్ని మనమే వెనక్కి నడిపించాం. పెరిగింది చప్పుడు. చప్పుడు పెరిగితే పవర్ పెరిగినట్టు మన చెవికి అనిపిస్తుంది, అంతే.

వెనక లావు టైరు. ఆర్15 రిమ్ము 140 సైజు టైరుకి తగ్గట్టు చేసింది. అదే రిమ్ము మీద ఇంకా లావు టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి టైరు గుండ్రటి ఆకారం మారుతుంది. చూడ్డానికి పెద్ద బండిలా ఉంటుంది, మలుపులో వంచడానికి మొరాయిస్తుంది. బరువు పెరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది. ఇక మడ్‌గార్డ్ పీకేయడం గురించి నా రూమ్మేట్ వానాకాలపు తెల్ల చొక్కాలని అడగండి, అవే చెప్తాయి.

చట్టం సంగతి కూడా తెలుసుకుని ఉండండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది జరిగిన సవరణలో ఓనరుకి ఒక్కో మార్పుకి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని చేర్చారు. పోలీసులు సైలెన్సర్లని రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించే వీడియోలు మీరూ చూసే ఉంటారు. తొమ్మిదిన్నర వేలు అలా చపాతీ అవడం చూస్తే నవ్వొస్తుంది, మనది కానంతవరకూ.

"మా డబ్బు మా ఇష్టం" అనేవాళ్ళకి

ఇది రాస్తున్నానని తెలిసి మా వింగ్‌లో ఒకడు అన్నాడు, "ఇంజనీరింగ్ చదువుతూ బండి మార్చొద్దంటావేంట్రా, మార్చి చూడకపోతే ఎలా నేర్చుకుంటాం?" అని. ఇది మంచి ప్రశ్నే. దీనికి జవాబు చెప్పకుండా తప్పించుకోను.

మార్చడం తప్పు అనట్లేదు. ఇంజనీరింగ్ అంటేనే ఉన్నదాన్ని మార్చడం. కానీ మనం ల్యాబ్‌లో ఏం చేస్తాం? ముందు రీడింగ్ తీస్తాం, ఒకటి మారుస్తాం, మళ్ళీ రీడింగ్ తీస్తాం. బండి విషయంలో ముందు రీడింగ్ ఏది? స్టాక్ బండి ఎలా నడుస్తుందో, ఏ ఆర్‌పీఎంలో ఎలా పలుకుతుందో, ఎంత మైలేజీ ఇస్తుందో తెలియకుండా మూడో నెలలో మార్చేస్తే, మార్పు వల్ల బాగుపడిందో పాడైందో ఎలా తెలుస్తుంది? నేను చేసింది ఇంజనీరింగ్ కాదు, షాపింగ్. నిజంగా చెయ్యి పెట్టి నేర్చుకోవాలంటే బాజా లాంటి పోటీలకి వెళ్ళే స్టూడెంట్ టీముల్లో చేరండి. అక్కడ తప్పు చేస్తే టెక్నికల్ ఇన్‌స్పెక్షన్‌లో ఆపుతారు. రోడ్డు మీద ఆపేది లారీ.

డబ్బు సంగతి. మాలో చాలామందికి ఆ డబ్బు మాది కాదు. నాన్నది. అది పక్కన పెట్టినా, వెనక కూర్చునేవాడి ఎముక మాత్రం మన ఇష్టం కాదు కదా.

నిజంగా ఖర్చు పెట్టాలనిపిస్తే

చేతిలో పదివేలుండి, ఏదో ఒకటి చేయకపోతే నిద్రపట్టనివాళ్ళకి నా వరస ఇది. ముందు హెల్మెట్. ఐఎస్ఐ గుర్తున్న, ముఖమంతా కప్పే, తలకి సరిగ్గా బిగుతుగా పట్టే హెల్మెట్ రెండు కొనండి. రెండోది వెనక కూర్చునేవాళ్ళకి. తర్వాత గ్లవ్స్. పడ్డప్పుడు మనిషి ముందు చేతులే ఆనిస్తాడు. తర్వాత జాకెట్, బూట్లు. ఇవి బండికి చేసిన అప్‌గ్రేడ్లు కావు అనకండి, బండి మీద ఖరీదైన పార్టు మీరే.

ఆ తర్వాత ట్యూబ్‌లెస్ పంచర్ కిట్, చిన్న గాలి గేజ్, చైన్ బ్రష్, స్ప్రే. వెనక చక్రం ఎత్తి నిలబెట్టే ప్యాడాక్ స్టాండ్ ఒకటి నలుగురు కలిసి కొనుక్కుంటే వింగ్ మొత్తానికి సరిపోతుంది. ఏడాది దాటాక టైర్లు అరిగితే అదే సైజులో మంచి పట్టున్న టైర్లు వేయించండి. ఆ మార్పు మీకు మొదటి మలుపులోనే తెలుస్తుంది, బ్రేకు వేసిన మొదటిసారే తెలుస్తుంది. బండికి చేయదగ్గ నిజమైన అప్‌గ్రేడ్ అదే. దానికి చప్పుడు ఉండదు, అందుకే ఎవరూ చేయరు.

సెమ్ సెలవులకి బండి వదిలి ఊరెళ్ళేవాళ్ళు శుభ్రం చేసి, చైన్‌కి నూనె పెట్టి, టైర్లకి గాలి పెట్టించి, నీడలో పెట్టి వెళ్ళండి. కుదిరితే బ్యాటరీ వైరు ఒకటి విప్పించండి. తిరిగొచ్చాక సెల్ఫ్ కొట్టకముందు ఒకసారి చుట్టూ తిరిగి చూడండి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి, మన హాస్టల్ ఎలుకల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

నా బండి ఇప్పుడు పాత సైలెన్సర్‌తోనే నడుస్తోంది. మెకానిక్ అన్న కొత్త చైన్ సెట్ వేసిన రోజు దాన్ని మూలనుంచి తీసి తుడిచి బిగించాడు, ఆ పనికి డబ్బులు తీసుకోలేదు. ఆదివారం పొద్దున్నే చైన్ శుభ్రం చేస్తుంటే రూమ్మేట్ వచ్చి పక్కన కూర్చుంటాడు. చక్రం తిప్పేది వాడే, నూనె పెట్టేది నేను. మొన్న దసరాకి బండికి మళ్ళీ పూజ చేశాం. అమ్మ నిమ్మకాయలు పట్టుకుని నిలబడి ఉంది. నాన్న మాత్రం ఒంగి, వేలితో చైన్ పైకీ కిందికీ ఆడించి చూసి, "సరిగ్గానే ఉంది, ఇప్పుడు తొక్కించు" అన్నారు.